నాన్న ఐసీయూలో, అసైన్‌మెంట్ గడువు దాటింది

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం. మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. నాన్నకు మూడేళ్లుగా డయాలసిస్ నడుస్తోంది. 12 రోజుల క్రితం ఇన్‌ఫెక్షన్ వచ్చి శ్రీకాకుళంలో ఐసీయూలో చేర్చారు. నేనొక్కడినే కొడుకుని, ఉన్నపళంగా టికెట్ తీసుకుని వచ్చేశాను. మొన్న శుక్రవారం ఒక అసైన్‌మెంట్ గడువు దాటిపోయింది. వచ్చే శుక్రవారం ఇంకోటుంది, అది గ్రూపు ప్రాజెక్టు. 3 వారాల్లో పరీక్ష. యూనివర్సిటీకి ఇంకా ఏమీ చెప్పలేదు. ఇంటి కష్టం చెప్పుకుని మార్కులు అడుక్కున్నట్టుంటుందేమోనని మొహమాటం. ‘సెమిస్టర్ వదిలెయ్, వచ్చే ఏడు చూసుకుందాం’ అంటున్నాడు మా మావయ్య. ఏం చెయ్యమంటారు?
– ఓ విద్యార్థి, సోంపేట ప్రాంతం

సమాధానం: మీ ఉత్తరం ఆదివారం చేరింది. ‘బుధవారం లోపు స్పెషల్ కన్సిడరేషన్ (కష్టకాలంలో గడువులో, పరీక్షలో వెసులుబాటు అడిగే) దరఖాస్తు పెట్టెయ్యండి, కాగితాలు తర్వాత జతచెయ్యొచ్చు’ అని ఆ పూటే మీకు మెయిల్ చేశాం. మిగతాది ఇక్కడ, మీలాంటి స్థితిలో ఉన్న మరికొందరికి కూడా పనికొస్తుందని.

బుధవారం అని ఎందుకన్నామంటే, గడువు దాటాక కూడా దరఖాస్తుకు ఓ చిన్న కిటికీ తెరిచి ఉంటుంది. సిడ్నీ యూనివర్సిటీలో, న్యూసౌత్‌వేల్స్ యూనివర్సిటీలో అది 3 పనిదినాలు. కొన్నిచోట్ల నాలుగో ఐదో ఇస్తారు. మీ యూనివర్సిటీ లెక్క ఏదో ముందు చూసుకోండి, అది ఇంకా తక్కువైతే ఇంకా ముందే పెట్టాలి. శని, ఆదివారాలు లెక్కలోకి రావు కాబట్టి శుక్రవారం గడువుకు మూడో పనిదినం బుధవారం. పనిదినం అంటే అక్కడి పనిదినం. మనకు సంక్రాంతి సెలవైనా వాళ్లకు కాదు. టైము కూడా అక్కడిదే. మెల్‌బోర్న్‌లో రాత్రి 11.59 అంటే మనకు సాయంత్రం 7.29. అక్టోబరు మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా వాళ్లు గడియారం గంట ముందుకు తిప్పుతారు, అప్పుడు 6.29కే అయిపోతుంది. ‘రాత్రి భోంచేసి పెడదాం’ అనుకున్న దరఖాస్తులు చాలా ఇక్కడే పోతాయి.

ఇక మొహమాటం సంగతి. ఈ దరఖాస్తుకు ఎవరూ మార్కులు కలపరు. ఒప్పుకుంటే వాళ్లు మామూలుగా ఇచ్చేవి నాలుగు: ఇంకొన్ని రోజుల గడువు, పరీక్షకు ఇంకో తేదీ, వేరే అసైన్‌మెంట్, లేదా ఈ పనికున్న మార్కుల బరువును మరో పనికి మార్చడం. పని మీరు చెయ్యాల్సిందే, దిద్దేవాళ్లు మామూలుగానే దిద్దుతారు. అడుక్కోవడం అన్న మాటే రాదు. చాలా యూనివర్సిటీల్లో ఈ దరఖాస్తు మీ ప్రొఫెసర్ దగ్గరికి కూడా వెళ్లదు, దానికంటూ ఓ విభాగం ఉంటుంది. అక్కడ కూర్చున్న మనిషికి మీరెవరో తెలీదు, రోజుకు ఎన్నో చూస్తారు. వాళ్లు చూసేవి మూడే. ఏం జరిగింది, ఏ తేదీల్లో. దానివల్ల ఏ అసైన్‌మెంట్ మీద ఏ పని ఆగింది. ఈ రెండింటికీ కాగితం ఉందా. తేదీలు ఒకదానికొకటి అతికితే ఇస్తారు, అతక్కపోతే ఎంత కన్నీటి కథైనా వెనక్కొస్తుంది.

మీ విషయంలో ఓ చిక్కుంది, అది ముందే చూసుకోవాలి. నాన్నగారి జబ్బు మూడేళ్లది. ‘ముందే తెలిసిన పరిస్థితి, దాన్నిబట్టి ప్లాన్ చేసుకుని ఉండాల్సింది’ అని తిప్పి పంపడానికి ఆ ఒక్క ముక్క చాలు. ‘మా నాన్న కిడ్నీ పేషెంటు’ అని మొదలుపెట్టిన దరఖాస్తు ఈ గోతిలోనే పడుతుంది. వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతున్నా ఇంతకాలం మీరు గడువులోపే ఇస్తూ వచ్చారు కదా, అది రాయండి. కొత్తగా ఏం జరిగిందో, ఏ రోజున జరిగిందో రాయండి. ఉద్దానం గురించి ఓ పేజీ రాయాలనిపిస్తుంది. ఊళ్లకు ఊళ్లు కిడ్నీ జబ్బుతో బాధపడుతున్న సంగతి, పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి పెట్టాల్సొచ్చిన సంగతి. అవన్నీ నిజమే, ఈ దరఖాస్తుకు అక్కర్లేదు.

చాలామంది రాసేది ఇలా ఉంటుంది: ‘మా నాన్నకు చాలా సీరియస్‌గా ఉంది. నేను మానసికంగా బాగా కుంగిపోయాను. ఏ పనీ చెయ్యలేకపోతున్నాను. దయచేసి నా పరిస్థితి అర్థం చేసుకుని వీలైనంత గడువు ఇవ్వగలరు.’ ఇందులో ఒక్క తేదీ లేదు. అడిగిందేమిటో కూడా లేదు. అదే మనిషి ఇలా రాస్తే:

‘మా నాన్నకు మూడేళ్లుగా డయాలసిస్ జరుగుతోంది. ఈ సెమిస్టర్‌లో ఇప్పటిదాకా అది నా చదువుకు అడ్డు రాలేదు, ముందు అసైన్‌మెంట్ గడువులోపే ఇచ్చాను. 4వ తేదీన రక్తంలో ఇన్‌ఫెక్షన్‌తో ఆయన్ని ఐసీయూలో చేర్చారు. నాకు 5న తెలిసింది. 6న బయల్దేరి 7న శ్రీకాకుళం చేరాను. అప్పటి నుంచి రోజూ ఆసుపత్రిలోనే ఉన్నాను, వేరే అటెండెంట్ లేరు. అసైన్‌మెంట్ 2 గడువు 14. 4వ తేదీ నాటికి సగం పూర్తయింది, ఆ తర్వాత 10 రోజులూ దాని మీద పని చెయ్యలేకపోయాను. 10 రోజుల గడువు, అంటే 24వ తేదీ వరకు, కోరుతున్నాను. ఆసుపత్రి లేఖ, బోర్డింగ్ పాసులు జతచేశాను.’

దీన్నే ఇంగ్లీషులో, ఇంతే నిడివిలో పెట్టండి. తేదీలు మీవి వేసుకోండి. ‘సగం పూర్తయింది’ అన్న మాట చిన్నదిగా కనిపిస్తుంది గానీ, గడువు చివరి రోజు దాకా ముట్టుకోకుండా కూర్చున్నవాడు కాదని చెప్పేది అదే. ఫైలు చివరిసారి సేవ్ చేసిన తేదీ కనిపించేలా ఓ స్క్రీన్‌షాట్ ఉంటే అదీ పెట్టండి. ఒక జాగ్రత్త: ఉద్యోగం షిఫ్టుల ఒత్తిడి, డబ్బు ఇబ్బంది లాంటివి ఇందులో కలపొద్దు. పక్షానికి 48 గంటల పని పరిమితి ఉన్న వీసా మీద ఉండి ‘పని ఎక్కువైంది’ అని రాతపూర్వకంగా ఇవ్వడం ఎవరికీ మంచిది కాదు. పైగా పార్ట్‌టైమ్ షిఫ్టును యూనివర్సిటీలు మామూలుగా కారణంగా ఒప్పుకోవు.

కాగితాల దగ్గరకొద్దాం. మన ఆసుపత్రుల కేస్ షీట్లు, డిశ్చార్జి సమ్మరీలు ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి అనువాదం బాధ చాలావరకు లేదు. కానీ వాటిలో రోగి గురించి అంతా ఉంటుంది, మీ గురించి ఒక్క ముక్క ఉండదు. డిశ్చార్జి సమ్మరీ ఎలాగూ ఇంటికి పంపేటప్పుడే ఇస్తారు, ఐసీయూలో ఉండగా రాదు. అందుకని ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద చిన్న లేఖ ఒకటి కావాలి. రోగి పేరు, వయసు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు, చేర్చిన తేదీ, క్లుప్తంగా జబ్బు, పరిస్థితి తీవ్రమైనదన్న మాట, ‘రోగి కుమారుడు ఫలానా 7వ తేదీ నుంచి అటెండెంట్‌గా ఉన్నారు, ఇంకా ఉండాల్సిన అవసరం ఉంది’ అన్న వాక్యం. కింద డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు, సీలు, తేదీ. ఆ కుమారుడి వాక్యం లేకపోతే మిగతాదంతా సగం కాగితమే.

దీన్ని సంపాదించడానికి ఓ తోవ ఉంది. పెద్ద డాక్టరు రౌండ్స్‌కి వచ్చినప్పుడు ‘సార్, యూనివర్సిటీకి లెటర్ కావాలి’ అంటే ‘తర్వాత రా’ అంటారు. ఆయనకు తీరిక లేదు, ఏం రాయాలో కూడా తెలీదు. మీరే ఐదారు లైన్లు ఇంగ్లీషులో టైపు చేయించి ప్రింటు పట్టుకెళ్లండి. ముందు వార్డులోని డ్యూటీ డాక్టరుకు చూపించండి, కేస్ షీటుతో తేదీలు సరిచూసుకుంటారు. తర్వాత ఆసుపత్రి ఆఫీసులో లెటర్‌హెడ్ మీదకు మార్పించి, సంతకానికి పెట్టించండి. ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ, కింద చేర్పించి ఉంటే ఆరోగ్యమిత్ర దగ్గర చేర్చిన తేదీ ఉన్న కాగితం దొరుకుతుంది. డాక్టరు లేఖ ఆలస్యమైతే బుధవారం దరఖాస్తుకు ఆ కాగితాన్ని జతచేసి, ‘డాక్టరు లేఖ ఫలానా తేదీలోపు ఇస్తాను’ అని రాయండి. రాసిన తేదీ మాత్రం తప్పకండి, కాగితం రాకపోతే దరఖాస్తును మూసేస్తారు.

మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది పేరు దగ్గర. ఆసుపత్రి రిజిస్టరులో ‘జి. అప్పారావు’ అని ఉంటుంది. ఆధార్‌లో ‘గొర్లి అప్పా రావు’. మీ పాస్‌పోర్టులో తండ్రి పేరు ‘అప్పారావు గొర్లి’. మనకు ముగ్గురూ ఒకరే. ఇంటిపేరు ముందుంటుందా వెనకుంటుందా అన్నది తెలియని మెల్‌బోర్న్ గుమస్తాకు ముగ్గురు మనుషులు. లేఖలో పూర్తి పేరు, పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగుతో రాయించుకోండి. ఐపీ నంబరు పక్కనే ఉంటుంది కాబట్టి కేస్ షీటుతో గొడవ రాదు. మీరు ఆయన కొడుకని చూపడానికి సచివాలయం చుట్టూ, తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. మీ పాస్‌పోర్టు చివరి పేజీలో తల్లిదండ్రుల పేర్లుంటాయి, దాన్ని స్కాన్ చేస్తే చాలు. తెలుగులో ఉన్న రేషన్ కార్డు పెడితే దానికి మళ్లీ అనువాదం అడుగుతారు. బోర్డింగ్ పాసులు పారెయ్యకండి. మీరు ఏ రోజు అక్కడ లేరో చెప్పే గట్టి సాక్ష్యం అవే. అన్నీ కలిపి ఒకటే పీడీఎఫ్ చెయ్యండి. సీలు సగం తెగిపోయిన ఫొటో, ఫ్లాష్ పడి తేదీ మెరిసిపోయిన ఫొటో చాలాసార్లు వెనక్కొస్తాయి.

అమ్మానాన్న కాక తాతయ్యో నాయనమ్మో అయితే? అంతర్జాతీయ విద్యార్థుల విషయంలో ‘కంపాషనేట్ ఆర్ కంపెల్లింగ్’ కారణాల కింద అమ్మానాన్నలతో పాటు తాతా నాయనమ్మలనూ దగ్గరి కుటుంబంగానే చూస్తారు. మేనమామ, పెద్దమ్మ, చిన్నాన్న అయితే మాత్రం ఊరికే రాయకుండా, వాళ్లింట్లోనే పెరిగి ఉంటే ఆ సంగతి ఓ లైను రాయాలి. ‘అంకుల్’ అన్న ఇంగ్లీషు మాట మన మేనమామను మొయ్యలేదు.

ఇంకో మాట, చెప్పడానికి ఇష్టం లేదు గానీ చెప్పాలి. జరగరానిది జరిగితే మరణ ధ్రువీకరణ పత్రం చేతికొచ్చేదాకా ఆగకండి. ఆసుపత్రి ఇచ్చే మరణ సమాచార కాగితంతో దరఖాస్తు పెట్టి, పత్రం తర్వాత ఇవ్వండి. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. కర్మకాండలో కొడుకు చెయ్యాల్సినవి ఏయే తేదీల్లో ఉన్నాయో, పెద్దకర్మ దాకా మీరు ఇల్లు కదలడానికి లేదన్న సంగతి రెండు లైన్లలో రాయండి. వాళ్లకు తెలీకే అడగరు, రాస్తే లెక్కలోకి తీసుకుంటారు.

వచ్చే శుక్రవారం అసైన్‌మెంట్‌కు ఇంకా గడువుంది కాబట్టి అది తేలిక. గడువుకు ముందు అడిగే మామూలు ఎక్స్‌టెన్షన్‌కు చాలాచోట్ల కాగితాలు కూడా పెద్దగా అడగరు. సిడ్నీలో అయితే 5 రోజులు అలాగే ఇస్తారు. కానీ గ్రూపు ప్రాజెక్టుకు మీ ఒక్కరికి గడువు పెంచడం కుదరదు, మిగతావాళ్లు శుక్రవారమే ఇచ్చేస్తారు. యూనిట్ కోఆర్డినేటర్‌కు, అంటే ఆ సబ్జెక్టు చూసేవారికి, ఇవాళే మెయిల్ పెట్టి, మీ భాగాన్ని విడిగా తర్వాత ఇవ్వొచ్చా, లేక ఆ మార్కుల బరువును పరీక్షకు మారుస్తారా అని సూటిగా అడగండి. గ్రూపువాళ్లకూ చెప్పండి. వాట్సాప్‌లో రెండు టిక్కులు పడి జవాబు రాని మనిషి మీద వాళ్లు ఫిర్యాదు రాశాక చెప్పే కారణానికి సగం విలువే.

ఎన్ని రోజులు అడగాలి? మొహమాటానికి రెండు రోజులడిగి, మళ్లీ రెండు, మళ్లీ రెండు అడిగే వాళ్లే ఎక్కువ. పోయిన రోజులెన్నో లెక్కపెట్టి అన్నీ ఒకేసారి అడగండి. అయితే క్యాలెండర్ ముందు పెట్టుకోండి. రెండు అసైన్‌మెంట్ల కొత్త గడువులూ పరీక్షకు ముందు వారంలో వచ్చి పడితే మీ గొయ్యి మీరే తవ్వుకున్నట్టు. నాన్నగారు ఇంకా ఐసీయూలోనే ఉంటే 24కి కూడా కుదరకపోవచ్చు. అప్పుడు 24 రాకముందే, కొత్త తేదీ ఉన్న కొత్త డాక్టరు లేఖతో మళ్లీ అడగాలి. పాత లేఖ కొత్త రోజులకు పనికిరాదు. ఏ అనుమతీ లేకుండా ఆలస్యంగా ఇస్తే రోజుకు 5 శాతం కోత చాలా యూనివర్సిటీల్లో మామూలు.

సున్నా రాకూడదని సగం రాసిన ఫైలును పోర్టల్‌లో పెట్టేద్దామనిపిస్తుంది. పెట్టొద్దు. కొన్నిచోట్ల అది ‘సమర్పించినట్టే’, ఇక గడువు పెంచడానికి ఏమీ మిగలదు. ఆన్‌లైన్ క్విజ్ ‘ఓసారి తెరిచి చూద్దాం’ అన్నా అంతే.

పరీక్షకూ అదే సూత్రం, ఇంకా గట్టిగా. న్యూసౌత్‌వేల్స్ యూనివర్సిటీ దీన్ని ‘ఫిట్ టు సిట్’ అంటుంది: హాల్లో కూర్చున్నావంటే, లేదా ఆన్‌లైన్ పరీక్ష మొదలుపెట్టావంటే, నేను రాయగల స్థితిలో ఉన్నానని నువ్వే ఒప్పుకున్నట్టు. రాసి, ఫెయిలైతే అప్పుడు కష్టం చెబుదాం అన్న ఆలోచనకు అక్కడ చోటు లేదు. ఈ పేరు వాడని చోట కూడా మార్కులొచ్చాక పెట్టిన దరఖాస్తును అనుమానంగానే చూస్తారు. ఆసుపత్రి వరండాలో, ఫోన్ హాట్‌స్పాట్ మీద, పక్కన సెలైన్ స్టాండు ఉండగా ఆన్‌లైన్ పరీక్ష రాసేద్దామనుకునే ధైర్యం ఎవరికీ పనికిరాదు. పరీక్షకు వారం ముందు నిర్ణయించుకోండి. వెళ్లలేకపోతే వాయిదా పరీక్షకు అడగండి. రిటర్న్ టికెట్ కొనేముందు ఆ వాయిదా పరీక్షలు ఏ వారంలో పెడతారో యూనివర్సిటీ క్యాలెండర్‌లో చూసుకోండి. ఆ తేదీ కూడా తప్పితే రెండో వాయిదా దొరకడం కష్టం.

మావయ్యగారి మాట ప్రేమతో అన్నదే, కానీ అలా వదిలెయ్యడం కుదరదు. మీది స్టూడెంట్ వీసా. ఆ వీసాకున్న 8202 షరతు ప్రకారం ఎన్‌రోల్‌మెంట్ నిలబెట్టుకోవాలి, చదువులో ముందుకు సాగాలి. చెప్పకుండా వదిలేస్తే యూనివర్సిటీ ఆ విషయం ప్రభుత్వ వ్యవస్థలో నమోదు చెయ్యాల్సొస్తుంది, అది వీసా దాకా వెళ్తుంది. అదే, ముందుగా ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుకు రాసి కారణం చూపించి సెలవు అడిగితే, విదేశీ విద్యార్థుల కోసం అక్కడున్న 2018 నేషనల్ కోడ్ నిబంధనల ప్రకారం చదువును కొంతకాలం ఆపే అధికారం వాళ్లకుంది. సీఓఈ (ఎన్‌రోల్‌మెంట్ ధ్రువపత్రం) మారుతుంది, దాంతో వీసా గడువు సరిపోతుందా అన్నది కూడా వాళ్లనే రాతపూర్వకంగా అడగండి. పరీక్షలకు 3 వారాల ముందు ఫీజు వెనక్కి రావడం మాత్రం కష్టం, ఫీజుకు గడువైన సెన్సస్ తేదీ సెమిస్టర్ మొదటి వారాల్లోనే దాటిపోతుంది. ఫీజు పోయినా ఫెయిల్ అన్నది రికార్డులో పడకుండా ‘లేట్ విత్‌డ్రాయల్’ అడిగే వీలుంటుంది. మా అభిప్రాయం అడిగితే, సెమిస్టర్ మొత్తం వదిలే ముందు ఒక్క సబ్జెక్టు వదిలి మిగతావి వాయిదా వేయించుకునే దారి చూడండి. అదైనా వాళ్ల ఆమోదంతోనే.

నాన్నగారు ఇంటికొచ్చాక కూడా డయాలసిస్ ఆగదు. పదేపదే సెలవులడిగే బదులు, చాలా యూనివర్సిటీల్లో కుటుంబంలో ఒకరిని చూసుకునేవాళ్లకు సెమిస్టర్ మొత్తానికీ పనికొచ్చే ప్లాన్ ఒకటి రాసిస్తారు. డిసబిలిటీ, యాక్సెసిబిలిటీ సేవల విభాగంలో అడగండి. మీకే నిద్ర పట్టకపోయినా, మనసు కుదుటపడకపోయినా అది విడి కారణం, దానికి మిమ్మల్ని చూసిన డాక్టరు కాగితం విడిగా కావాలి. మీ ఓఎస్‌హెచ్‌సీ (విదేశీ విద్యార్థుల ఆరోగ్య బీమా) ఆస్ట్రేలియాలోనే పనిచేస్తుంది, ఇక్కడి ఖర్చు ఇవ్వదు.

దొంగ మెడికల్ సర్టిఫికెట్ ఆలోచన మీకు లేదనే అనుకుంటున్నాం. కానీ ‘ఐదొందలిస్తే రాసిస్తారు’ అనే స్నేహితుడు ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. యూనివర్సిటీలు ఆసుపత్రికి ఫోన్ చేసి, మెయిల్ పెట్టి సరిచూస్తాయి. అది తప్పని తేలితే అసైన్‌మెంట్‌తో ఆగదు, చీటింగ్ కేసు కింద మొత్తం చదువుకే ఎసరు. మీ దగ్గర నిజమైన కారణం ఉంది, నిజమైన కాగితమే తెచ్చుకోండి.

కాదన్నారనుకోండి, కారణం రాతపూర్వకంగా ఉంటుంది. ఎక్కువగా కనిపించేవి: ఆలస్యం, తేదీలు కలవకపోవడం, ‘మీ చదువు మీద ప్రభావం చూపలేదు’. ఏది రాశారో దానికే జవాబిస్తూ రివ్యూ అడగండి, మొదటి కథనే పెద్ద అక్షరాల్లో మళ్లీ పంపకండి. రివ్యూకూ గడువుంటుంది, ఆ ఉత్తరంలోనే చూసుకోండి. వీసా మీదకు వచ్చే ‘చదువులో ప్రగతి లేదు’ నోటీసు అయితే, ప్రభుత్వానికి చెప్పే ముందు అప్పీలుకు 20 పనిదినాలు ఇవ్వాలన్నది నిబంధన. యూనివర్సిటీ లోపలి దారులన్నీ అయిపోయాక 2025 ఫిబ్రవరి నుంచి పనిచేస్తున్న నేషనల్ స్టూడెంట్ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చెయ్యొచ్చు. విదేశీ విద్యార్థులకు కూడా ఆ తలుపు తెరిచే ఉంటుంది.

ఒక చిన్న విషయం, దాదాపు మర్చిపోయాం. యూనివర్సిటీ పోర్టల్ లాగిన్‌కు కోడ్ మీ ఆస్ట్రేలియా నంబరుకు వచ్చేలా పెట్టుకుని ఉంటే ఇక్కడ ఆ సిమ్ పనిచెయ్యకపోవచ్చు. బుధవారం సాయంత్రం ఏడింటికి ఆ సంగతి బయటపడకూడదు. ఇవాళే ఓసారి లాగిన్ అయి చూడండి, కాకపోతే వాళ్ల ఐటీ హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేసి ఆథెంటికేటర్ యాప్‌కు మార్పించుకోండి. అక్కడ ఉదయం 9 అంటే మనకు తెల్లవారుజామున 4.30, లేదా 3.30. నాన్నగారి దగ్గర ఎలాగూ మేలుకునే ఉంటారు, లైను తొందరగా దొరుకుతుంది.